చిన్నమ్మ మూయలేని పిడికిలి

నా చిన్నప్పుడు మా ఇంట్లో నా కడుపునొప్పికి ఉన్న మర్యాద చిన్నమ్మ చేతుల నొప్పికి దక్కలేదు.

నా కడుపునొప్పి ఉత్తదే. లెక్కల పరీక్ష ఉన్న పొద్దున వచ్చి, బడి గంట కొట్టగానే పోయేది. అయినా దాన్ని కళ్లకు కట్టినట్టు చెప్పేదాన్ని. కడుపులో రైలు పోతోందనీ, బల్లార్షాలో కాసేపు ఆగి మళ్ళీ కదిలిందనీ. నాన్నను మేం బాపు అనేవాళ్ళం. ఆయన తల్లి బాపమ్మ నా మాట నమ్మి వాము నీళ్ళు కాచి తాగించేది. కొంగుతో నా నుదురు తుడిచేది.

మహారాష్ట్రలో, చంద్రపూర్ జిల్లా రాజురా దగ్గర మా ఊరు. ఇండ్ల మీద కేబుల్ టీవీ తీగలు అప్పుడప్పుడే పాకుతున్న రోజులవి. బాపు సిమెంటు ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టుకు పోయేవాడు. ఆయన డబ్బాలోకి తెల్లారేసరికి జొన్నరొట్టెలు కావాలి. అమ్మ బర్రెల దగ్గర ఉండేది కాబట్టి రొట్టెలు కొట్టే పని బాపు తమ్ముడు కాకయ్య భార్య, మా చిన్నమ్మది.

చిన్నమ్మకు కాన్పయిన కొన్నాళ్ళకు ఆ చేతుల నొప్పి మొదలైంది. ముందు వేళ్ళ కణుపులు, తర్వాత మణికట్లు, రెండు చేతులకూ ఒకే తీరుగా ఉబ్బాయి. పొద్దున లేస్తే పిడికిలి మూతపడదు. ఎండ వాకిట్లోకి వచ్చాక మెల్లగా సడలేది. మధ్యాహ్నానికి బట్టలు కూడా ఉతికేది. అదే ఆమె నేరమైపోయింది.

“పొద్దుగాల పక్షవాతం, పగటీలి పహిల్వాన్! గిదేం రోగమే?” అనేది బాపమ్మ. మేమందరం నవ్వేవాళ్ళం. నేనైతే ఆ మాటను బాపమ్మ గొంతుతో బళ్ళో కూడా చెప్పి నవ్వించాను.

రాజురా అంగట్లో ఒకాయన ఇచ్చిన పొడి తింటే వాపులు మాయమయ్యాయి. చిన్నమ్మ బుగ్గలు కూడా నిండాయి. పొడి ఆగగానే చేతులు మునుపటికంటే ఎక్కువ ఉబ్బాయి. దాంతో ఇదంతా నాటకమేనని ఇంట్లో తేల్చేశారు. ఆదివారం ఆమెను పుట్టింట్లో దింపి రమ్మని బాపమ్మ కాకయ్యకు చెప్పింది. మళ్ళీ ఎప్పుడు తీసుకురావాలో మాత్రం చెప్పలేదు.

దానికి ముందురోజు నాకు మళ్ళీ కడుపునొప్పి వచ్చింది. బాపమ్మ వాము నీళ్ళు తాగించి బయటికి పోయాక, చిన్నమ్మ నన్ను పొయ్యి దగ్గరికి పిలిచింది. నా నొప్పి సంగతి ఆమెకు మొదటి నుంచీ తెలుసు. ఒక్కనాడూ బయటపెట్టలేదు. గోడ మీద బాపు గ్లౌజులు ఉన్నాయి, సిమెంటు పట్టి చెక్కలా బిగుసుకుపోయి. “అవి తొడుక్కొని ఒక్క రొట్టె కొట్టు చూద్దాం” అంది.

నాకు పందెం దొరికిందని సంబరం. పిండిముద్ద మీద చెయ్యి వేస్తే వేళ్ళు వంగవు, విచ్చుకోవు. రొట్టె ఒక పక్క చిరిగింది, ఇంకో పక్క నేల మీద పడింది. నీళ్ళ గ్లాసు పట్టుకోబోతే జారిపోయింది. నవ్వి నవ్వి అలిసిపోయి ఆ గ్లౌజులు ఊడబీకి అవతల పడేశాను. చిన్నమ్మ నవ్వలేదు. తన చేతులు ఒళ్ళో పెట్టుకొని చూస్తోంది.

“నీయి ఊడినయ్ బిడ్డా. నాయి ఊడయ్.”

ఉబ్బిన వేళ్ళు నా ముందు చాపి, “నువ్వు లేని నొప్పి చెప్తే నమ్ముతరు. నేను ఉన్నది చెప్తే నమ్ముతలేరు. జర నా గురించి నువ్వు చెప్పరాదు?” అంది.

అబద్ధాలకోరునని బాపు నన్ను ఎన్నిసార్లు తిట్టినా నాకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. చిన్నమ్మ తిట్టకుండా సాయం అడిగేసరికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సాయంత్రం బాపు డ్యూటీ నుంచి రాగానే చిన్నమ్మ చేతుల సంగతి చెప్పేశాను, నేను బడి ఎగ్గొట్టిన సంగతితో సహా. ఏ అల్లికా లేకుండా నేను చెప్పిన మొదటి మాట అదేనేమో. బాపు కోప్పడలేదు. మర్నాడు ఆదివారం, తెల్లవారకముందే లేచి వాకిట్లో కూర్చొని చిన్నమ్మను పిడికిలి మూయమన్నాడు. మూతపడలేదు. పొద్దెక్కేదాకా ఆ వేళ్ళు ఎట్లా సడలుతాయో అక్కడే కూర్చొని చూశాడు. పుట్టింటి ప్రయాణం ఆగిపోయింది. ఆమెను ముందు చంద్రపూర్, అక్కడి నుంచి నాగపూర్ తీసుకుపోయారు.

ఒంటిని కాచే పహారావాళ్ళే దారితప్పి, కీళ్ళ లోపలి పొరను శత్రువనుకొని కొడుతున్నారని అక్కడి డాక్టరు చెప్పాడట. అంగట్లో పొడిలో స్టెరాయిడ్ కలిపి ఉంటారని, అది వాపును అణచిందే గాని రోగాన్ని ఆపలేదని అన్నాడట. పాపకు పాలు మాన్పించి, వారానికి ఒక్కసారే మింగే మాత్ర మొదలుపెట్టారు. తోడుగా ఫోలిక్ మాత్ర, మధ్యమధ్య రక్త పరీక్షలు. గుణం కనబడటానికి నెలలు పట్టవచ్చు, నొప్పి తగ్గిందని మానొద్దు, పొరపాటున రోజూ మింగితే ప్రాణానికే ముప్పు అన్నాడట. ఆ చివరి మాటకు బాపమ్మ బెదిరిపోయి సీసాను తన పెట్టెలో పెట్టి తాళం వేసింది. సోమవారం సోమవారం తానే తీసి ఇచ్చేది. తప్పయిందని ఎన్నడూ అనలేదు. రొట్టెలు మాత్రం తానే కొట్టడం మొదలుపెట్టింది.

చలికాలానికి చిన్నమ్మ పిడికిలి మూతపడింది. కుడిచేతి రెండు వేళ్ళు మాత్రం పక్కకు ఒరిగి అట్లాగే ఉండిపోయాయి. ఇంకాస్త ముందు తీసుకొచ్చి ఉంటే అవీ దక్కేవని డాక్టరు అన్నట్టు బాపు చెప్పినప్పుడు మేమందరం అన్నం తింటున్నాం. ఎవరం తల ఎత్తలేదు.

కథలు అల్లడం నేనింకా మానలేదు. కానీ ఎవరైనా నొప్పి అంటే, ఎన్నాళ్ళ నుంచి అని అడుగుతాను. ఆ చిన్న ప్రశ్న అప్పుడు మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. రోజూ ఆ చేతులతోనే జడ వేయించుకొని, వదులుగా వేశావని ఆమె మీద విసుక్కున్న నాకు కూడా.