అక్క కారుకి పలచటి నూనె

మొన్న ఉదయం పక్కింటి లెక్చరరు గారు కొత్త కారు తెచ్చి గేటు ముందు నిలబెడితే, అది వచ్చిన చప్పుడే వినబడక, ఎవరో తోసుకొచ్చారేమో అనుకుని బయటికి వెళ్లాను. కొత్త బండి కనబడితే ముందుమూత ఎత్తించి, నూనె మట్టం చూసే పుల్ల బయటికి లాగి, ఒక్క చుక్క గోటి మీద వేసుకుని చూడటం నాకు కొన్నేళ్లుగా పట్టుబడిన అలవాటు. మూత ఎత్తారు. పుల్ల ఎక్కడుందో ఎంత వెతికినా కనబడలేదు. ఆయన నవ్వి, ఇది కరెంటు బండి, దీనికి ఇంజనే లేదు, ఇంజనాయిలు పని ఏముంటుంది అన్నారు. బొటనవేలు ముందుకు చాపి అలాగే నిలబడిపోయాను. కారుకి ఇంజనాయిలే అక్కర్లేని రోజు నా కళ్లతో చూస్తానని ఎన్నడూ అనుకోలేదు. ఆ నూనె కోసమే ఒకప్పుడు మా ఇంట్లో ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చిందంటే, ఆ లెక్చరరు గారికి ఎలా చెప్పడం? మీకయితే చెప్పగలను.

మా అక్క భర్త, అంటే మా బావది నువ్వులనూనె గానుగ ఇల్లు. చీపురుపల్లి చుట్టుపక్కల ఆ ఇంటి నూనె అంటే కళ్లు మూసుకుని కొనేవారు. నిజానికి కళ్లు మూసుకునేవారు కారు. కొనే ముందు ప్రతి మనిషీ ఒక చుక్క బొటనవేలి గోటి మీద వేయించుకుని, వేలు పక్కకు వంచి చూసేవాడు. చుక్క నిలబడితే మంచి నూనె, జారిపోతే కల్తీ. ఆ పరీక్షలో మా బావ ఇంటి నూనె ఒక్కసారి కూడా జారలేదని ఆయన తండ్రి మీసం మెలేసేవాడు. గానుగ పోయి మరలు వచ్చినా, బావ చేతికి ఆ పరీక్ష మాత్రం పోలేదు. వంటనూనె ప్యాకెట్టు కత్తిరించినా, ట్రాక్టరు నూనె డబ్బా మూత తీసినా ముందు గోరు చాపేవాడు.

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది మా అక్కకి మూత్రపిండాలు పాడయ్యాయి. డయాలిసిస్ విశాఖపట్నంలోనే చేయించమన్నారు డాక్టరు. మొదట్లో రైల్లో తీసుకెళ్లేవాళ్లం. వీధిలో సగం మంది ఆడవాళ్లకు జాకెట్లు కుట్టిపెట్టిన మనిషి, మిషను తొక్కితే ఆ చప్పుడు వీధి చివరికి వినబడేది, అలాంటిది తిరుగు ప్రయాణంలో నిలబడ్డానికి చోటు లేక, చీపురుపల్లి ప్లాట్‌ఫారం మీద దిగుతూనే నా చేతుల్లో కూలబడిపోయింది. ఆ వారమే బావ గానుగ పాక ఉన్న స్థలం అమ్మేసి, డీజిలు కారు కొన్నాడు. టర్బో ఉన్న బండి, ఎక్కడా ఆగదు అన్నారు. ఆగకూడదు. మాకు కావలసింది అదొక్కటే.

మొదటి సర్వీసుకి విజయనగరం తీసుకెళ్లినప్పుడు నేనూ వెంట ఉన్నాను. పోస్టాఫీసులో ఉద్యోగం చేసి రిటైరయినవాణ్ణి, పని లేదు, పైగా రోజూ డైరీ రాసుకునే అలవాటు వల్ల ఏ పనైనా దగ్గరుండి చూడకపోతే తోచదు. కొత్త నూనె పోయబోతుంటే బావ గోరు చాపి ఒక చుక్క వేయించుకున్నాడు. వేలు వంచాడో లేదో, ఆ చుక్క నీళ్లలా జారి నేల మీద పడింది. ఆయన మొహం చూడాలి! ఇంట్లో దొంగలు పడ్డారని చెప్పినా అంత అదిరిపోయి ఉండేవాడు కాదు.

"ఏటి బాబూ ఇది? తాతల కాన్నుంచి నూనె అమ్మినోల్లం, మాకే నీల్ల నూనె అంటగడతారేటి? సూడు బామ్మర్దీ, గోటి మీద సెనం నిలబడ్డం నేదు!"

సర్వీసు వాళ్లు కారుతో వచ్చిన పుస్తకం తెరిచి, ఈ బండికి ఈ రకమే పోయాలని చూపించారు. పుస్తకం అచ్చేసినవాళ్లూ, నూనె పోసేవాళ్లూ ఒకటే ముఠా అని బావ తేల్చేశాడు. ఇంటికి రాగానే ఆ నూనె అంతా వంపేసి, ట్రాక్టరుకి వాడే చిక్కటి నూనె పోశాడు. తేనెలా ఉంది. వీధిలోని మగవాళ్లంతా వచ్చి తలో చుక్క గోటి మీద వేసుకున్నారు. ఒక్కరి గోటి మీదా జారలేదు. ఇదిరా నూనె అంటే, అన్నారు అందరూ. మనిషి ప్రాణం ఆ బండి మీద ఆధారపడి ఉన్నప్పుడు మామూలుదానికన్నా చిక్కనిది పోయడమే సబబని నాకూ అనిపించింది.

చలికాలం వచ్చింది. తెల్లవారుజామున బయలుదేరేవాళ్లం. తాళం తిప్పగానే ఇంజను ఒకసారి మూలిగి, ఆ తరవాత గాని సర్దుకునేది కాదు. కొన్నాళ్లకు వేగం పెంచినప్పుడల్లా సన్నగా ఈల వేయడం మొదలైంది. ఆ ఈల విని బావ మురిసిపోయేవాడు. "ఇన్నావా? బండికి బలమొచ్చినాది!" అనేవాడు. వెనక సీట్లో పడుకున్న అక్క మాత్రం, "బలవో, రొంపో, ఎవరికి తెలుసు మావా," అనేది. అక్క ఆయన్ని మావా అనే పిలిచేది.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో నెల్లిమర్ల దాటాం. నేను ముందు కూర్చున్నాను. మా ముందు గడ్డి ట్రాక్టరు నెమ్మదిగా పోతుంటే బావ ఆక్సిలరేటరు మీంచి కాలు తీసి క్లచ్చి నొక్కాడు. నెమ్మదించాల్సిన ఇంజను ఒక్కసారిగా హోరెత్తింది. కాలు ఆక్సిలరేటరు మీద లేదు. అయినా అరుపు పెరుగుతూనే ఉంది. బండి పక్కకు ఆపి తాళం తిప్పాడు, ఆగలేదు. తాళం బయటికే లాగేశాడు. తాళం ఆయన చేతిలో ఉంది, బండి అరుస్తూనే ఉంది! ఇన్నేళ్ల బతుకులో నేను చాలా చూశానుగాని, తాళం తీసేసిన బండి గొంతు చించుకుని అరవడం అంతకు ముందూ చూడలేదు, తరవాతా చూడలేదు. వెనకనుంచి తెల్లటి పొగ లేచి రోడ్డంతా కమ్మేసింది. వచ్చే బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఎవరో "దిగండ్రా, అంటుకుపోతాది!" అని కేకేశారు.

నేను దూకి వెనక తలుపు తీశాను. డయాలిసిస్‌కి సూదులు గుచ్చిన చెయ్యి పట్టుకోకూడదు, రెండో చెయ్యి ఎటుందో పొగలో కనబడదు. తడుముకుని చంక కింద చెయ్యి వేసి అక్కని బయటికి తెచ్చి రోడ్డు పక్క గట్టు మీద కూర్చోబెట్టేసరికి, బావ ఇంకా లోపలే ఉన్నాడు. అక్క అరిచిన అరుపు నాకిప్పటికీ చెవుల్లో ఉంది. బావ బండిని పై గేరులో వేసి, బ్రేకు మీద నిలబడ్డట్టు తొక్కి, క్లచ్చి వదిలేశాడు. బండి ఒళ్లంతా విదిలించుకుని చప్పున చచ్చిపోయింది. బావ దిగొచ్చి, అరచేతిలో తాళం చూపిస్తూ, "తీసేసినాను గదే... తాళం తీసేసినాను గదే," అని అక్కతో అదే మాట అంటూ నిలబడ్డాడు.

రోజూ పేజీ నింపే నా డైరీలో ఆ తేదీన "అక్క క్షేమం" అని తప్ప ఇంకో మాట లేదు.

బండి విప్పినప్పుడు సంగతి తెలిసింది. టర్బో అంటే బొంగరంలాంటి చిన్న చక్రం. ఇంజను చక్రాలకన్నా ఎన్నో రెట్లు జోరుగా, పలచటి నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది. తాళం తిప్పిన మరుక్షణం నూనె దాని దాకా పరుగెత్తాలి. చలిలో మా తేనెలాంటి నూనె అక్కడికి చేరేలోపు అది ఎండు ఇరుసు మీద తిరిగి తిరిగి అరిగిపోయింది. చివరికి నూనెని ఆపే అడ్డు తెగి, ఇంజను తన నూనె తానే తాగడం మొదలుపెట్టింది. తాళం తీసి డీజిలు ఆపితే ఏం లాభం, నూనె మీదే పరుగెత్తింది.

ఆ సాయంత్రం అక్క మంచం మీదనుంచి, మూలనున్న కుట్టుమిషను కేసి చూపించి అంది:

"నా మిసనుకి ఆముదం పోస్తే తిరుగుద్దేటి మావా? ఎడ్లబండి ఇరుసుకి ఆముదం గావాల, మిసనుకి పలచటి నూనె గావాల. జోరుగా తిరిగీదానికి జారీ నూనే గదా. ఈ ముక్క నన్నడిగితే సెప్పనా? మగోల్లందరూ గోల్లు సూసుకున్నారు గాని!"

ఆ మిషను నూనె సీసా మా కళ్ల ముందే కిటికీలో ఏళ్ల తరబడి ఉంది. ఒక్కరికీ తట్టలేదు.

బండి బాగై వచ్చేదాకా మళ్లీ రైలే. అక్క ఆ ప్రయాణాల్లో ఎలా తట్టుకుందో తలుచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది. తరవాత పుస్తకంలో రాసిన నూనె తప్ప ఆ కారులో మరొకటి పోయలేదు. అయితే బావ గోటి పరీక్ష మానలేదు, తిరగేశాడంతే. బయలుదేరే ముందు పుల్ల లాగి, చుక్క గోటి మీద వేసి, వేలు వంచేవాడు. వెనక సీట్లోంచి అక్క అడిగేది, "జారిందా మావా?" అని. "జారినాది, పద," అని మూత వేసేవాడు. అది విన్నాకనే అక్క తల వెనక్కి వాల్చేది. ఆ తరవాత ఆమె బతికిన నాలుగేళ్లలో బండి ఒక్కసారి కూడా దారిలో ఆగలేదు.

అక్క పోయిన ఏడాదికే బావా పోయాడు. ఆ అలవాటు నాకు మిగిలింది.

ఇకముందు బండ్లన్నీ చప్పుడు లేకుండా, పొగ లేకుండా, నూనె లేకుండా తిరుగుతాయట. మంచిదే, ఏ ఇంటి ఆడమనిషినీ పొగలో తడుముకుని బయటికి తేవలసిన పని ఉండదు. మూత వేసి, ఇంట్లోవాళ్లందరినీ ఎక్కించుకుని లెక్చరరు గారు ఒక్క చప్పుడు లేకుండా వెళ్లిపోయారు. నేను గేటు దగ్గరే ఉండిపోయాను. బయలుదేరే ముందు వెనక సీట్లోంచి ఎవరో ఏదో అడుగుతారని, ముందు నుంచి ఒకరు జవాబు చెబుతారని, చెవి ఇంకా అటే ఉంది.