బావ నడుము తాడు

దెయ్యాలనీ, గాలీ ధూళీ అనీ ఎవరైనా మొదలెడితే నాకు ఒళ్లు మండుతాది. ఇప్పటికీ అంతే. రైల్వే వంతెనల గ్యాంగులో పనిచేసినవాణ్ణి. ఎక్కడైనా చప్పుడైతే ఏ బోల్టు వదులైందో చూస్తాను గానీ దండం పెట్టను. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ నోట్లోనే ఉండిపోయింది.

అరవైల్లో మాట. ఖరగ్‌పూర్‌లో పూరీ గేట్ దగ్గర క్వార్టర్లలో ఉండేవాళ్లం. మాది భీమిలి వైపు జాలరి పేట, తాతల నాడే ఇటు రైలెక్కేసినారు. మా అప్ప మొగుడు, ఎర్రయ్య బావ, రైల్వేలో డైవరు, అంటే నీళ్లలో మునిగి పనిచేసేవాడు. వానలు వెళ్లినాక వంతెన స్తంభాల మొదట్లో మట్టి ఎంత కోసుకుపోయిందో నీళ్లలోకి దిగి చూసి చెప్పాలి. చూడ్డం అంటే చేత్తో తడమడమే. కంసావతి నది బురదనీళ్లలో మన చెయ్యి మనకే కనబడదు. తలకి ఇత్తడి టోపీ, పైన పడవలో గాలి పంపు, నడుముకి తాడు.

ఆ తాడు ఎవరు పడితే వాళ్లు పట్టరు. మావాళ్లలో దిగేవాడి తాడు బావమరిదే పట్టాలి. తోడబుట్టినదాని పసుపు కుంకుమలు తన గుప్పిట్లో ఉన్నాయంటే ఎవడైనా కునుకు తీస్తాడా? మా అన్న పోలయ్య పట్టేవాడు. పైనుంచి ఒకసారి లాగితే బాగున్నావా అని. కిందనుంచి ఒకసారి లాగితే బాగున్నానని. పైనుంచి మూడుసార్లు లాగితే పైకి రమ్మని.

అన్న కామెర్లొచ్చి పోయినాడు. నీళ్లలో కాదు, మంచం మీదే, మా అందరి మధ్యా. పోయినవాడి వలా, తాడూ వాడితోనే పంపేయడం మా ఆచారం. బావ పంపనివ్వలేదు. ఆ తాడు నా నడుముకి అలవాటైపోయింది, కొత్తది ఒరుసుకుంటాది అన్నాడు. అలాగ అన్న తాడు నా చేతికొచ్చింది.

ఆ ఏడే మొదలైంది. పడవలో తాడు పట్టుకుని కూర్చున్నాను. పిలవకుండానే బావ పైకొచ్చేసినాడు. టోపీ విప్పి ఏటైంది అంటే, నువ్వే కదా మూడుసార్లు లాగినావు అన్నాడు. నేను లాగలేదు. ఉరవడికి తాడు కొట్టుకుని ఉంటాదిలే అని సర్దేసినాను. కొన్నాళ్లకి మళ్లీ అదే. ఆ తరవాత మళ్లీని. ఆఖరుసారి గబగబా పైకొచ్చేసరికి బావ చెవిలోంచి రక్తం కారింది. ఇంకోసారి ఇలాగొస్తే చెవి కాదు, ప్రాణమే పోతాదని డాక్టరు కేకలేసినాడు.

బావకి మాత్రం అనుమానమే లేదు.

"మీ అన్న సెయ్యి నాకు తెల్దేటిరా? మూడోసారి కాస్త ఆగి లాగుతాడు," అన్నాడు.

నాకు కోపం వచ్చింది, భయమూ వేసింది. నీరు తాడుని తోసిన ప్రతిసారీ ఈయన ఇలాగ ఎగబాకితే ఎన్నాళ్లు బతుకుతాడు? కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, పడుకుంటే నిద్ర రాదు. అప్ప సరిగ్గా అన్నం తినడం మానేసింది. ఒకరోజు పొయ్యి దగ్గర కూర్చునే చెప్పేసింది.

"ఉరవడో, అన్నో, తేల్సండి. తేలేదాకా ఈయన నడుముకి తాడు కట్టనివ్వను."

అని తాడు తీసుకెళ్లి బియ్యం డబ్బా వెనకాల పెట్టేసింది.

తేల్చాలంటే ఉరవడి లేని నీళ్లు కావాలి. పైవాడు కిందకీ, కిందవాడు పైకీ చూసుకునేంత తేటగా ఉండాలి. బావ తన ముచ్చట ఒకటి కలిపినాడు, చేపలు బాగా ఉన్న చోటు చూడరా అని. ఇన్నేళ్లు నీళ్లలో బతికి ఒక్క చేపనీ కళ్లారా చూడలేదంట, కాళ్లకి తగిలి జారిపోవడమే తప్ప.

ఇక నాకు అదే పిచ్చి. ఖరిదా బజార్లో చేపలమ్మే దాదాని అడిగితే దీఘా సముద్రం అన్నాడు. వెళ్లి చూసినాను, అంతా బురద. పూరీలో ఒడ్డునే కెరటం మనిషిని పడగొట్టేస్తాది. మా భీమిలి రాళ్ల దగ్గర చేపలు బోలెడు గానీ, పోటు తిరిగే వేళ నీరు ఎలా లాగుతాదో మాకు తెలీదా? చివరికి పక్క క్వార్టర్లో ఉండే తమిళ గార్డు గారు వాళ్లవైపు మండపం అనే ఊరి పేరు చెప్పినారు. అక్కడ నేలకి రెండు పక్కలా సముద్రమే, ఒకవైపు గాలి కొడితే రెండోవైపు చెరువులా పడుంటాది, పగడపు రాళ్లూ రంగు చేపలూ కావలసినన్ని అన్నారు. పాసు రాయించి, అప్పని బతిమాలి తాడు తెచ్చుకుని, బావా నేనూ రైలెక్కినాం.

అక్కడ కాలేజీలకి చేపలు పట్టి పంపే ఒకాయన దగ్గర వీపుకి కట్టుకునే గాలి సిలిండరు దొరికింది. నడిమధ్యాహ్నం దిగినాడు బావ. రెండు నిలువుల లోతు, అడుగున ఇసుక కూడా కనబడుతోంది. నీటి మీద గడ్డిపోచ వేసి చూసినాను, వేసినచోటే ఉంది. అన్న నేర్పినట్టే పడవ అంచు మీదికి వంగి, రెండు చేతులూ నీళ్లలో పెట్టి తాడు పట్టుకున్నాను.

బావ రాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. చుట్టూ పసుపువీ, నీలంవీ, చారలవీ, అబ్బ, ఎన్ని చేపలో. చిన్నపిల్లాడిలా వేలు చాపుతున్నాడు. నాకూ నవ్వొచ్చింది.

అంతలో కిందనుంచి ఒకసారి లాగినాడు. బాగున్నానని. నేను అడగలేదే!

అప్పటినుంచి కన్ను ఆర్పకుండా చూసినాను. నా చేతులు కదల్లేదు. బావ చేతులు తొడల మీద ఉన్నాయి. మా ఇద్దరికీ మధ్య, ఒక్క చేప కూడా లేని చోట, తాడు ఒక్కసారి బిగిసి వదిలింది. బావ తలెత్తి తాడు పొడుగునా చూసి, నా చేతులు చూసినాడు. ఆ తరవాత నడుము దగ్గర చెయ్యి పెట్టి, మెల్లగా ఒకసారి లాగినాడు. ఆ లాగుడు నా అరచేతికి తెలిసింది.

తొందరపడకుండా పైకొచ్చినాడు. ముఖం మీద అద్దం తీసి పడవ అంచు పట్టుకున్నాడు.

"ఇక్కడ రమ్మన్లేదురా. బాగున్నావా అని అడిగినాడు," అన్నాడు.

నడుము ముడి విప్పి తాడు కొస నీళ్లలో వదిలేసినాడు. మీ అన్నకి ఈ నీళ్లు బాగుంటాయి, నువ్వూ వదిలెయ్ అన్నాడు. ఏం జరిగినా వదలకూడదని నేర్పిన తాడు అది. నా వేళ్లు విడలేదు. బావే ఒక్కొక్కటీ విప్పినాడు. తాడు మెల్లగా రాళ్ల మధ్యకి దిగిపోయింది. పడవలో కూర్చుని, అన్న పోయిన రోజు కూడా ఏడవనంత ఏడ్చినాను.

తిరిగొచ్చినాక అప్ప, ఏటి తేలిందిరా అని అడిగింది. కొత్త తాడు కొన్నామని చెప్పినాను.

అదే కంసావతి, అదే వంతెన, వానలెళ్లినాక అదే ఉరవడి. కొత్త తాడు ఒక్కసారీ తనంతట తాను లాగలేదు. ఉరవడే అయితే మరి ఎందుకు లాగలేదు? ఉరవడి కాకపోతే మండపంలో నా కళ్లముందు కదిలిందేటి? ఎన్ని విధాల ఆలోచించినా నాకు అందలేదు.

బావ రిటైరయ్యేదాకా నేనే తాడు పట్టినాను. ఒకసారి లాగి బాగున్నావా అని అడిగితే కిందనుంచి జవాబొచ్చేది. అది బావ జవాబే అనుకునేవాణ్ణి. అయినా ఇత్తడి టోపీ నీళ్లమీద తేలి, బావ ముఖం కనబడేదాకా నా గుండె కుదుటపడేది కాదు.