బాగన్ దాతుక్‌లో అమెరికా అధ్యక్షుడి కథ చెప్పిన రోజు

నేను మలేసియా వెళ్ళడానికి కారణం అమెరికా. వినడానికి వింతగా ఉన్నా జరిగింది అదే. చెక్కల గుడిసెలో పుట్టి, దుంగలు చీల్చి, ప్లీడరై, చివరికి బానిసత్వాన్ని రద్దు చేసిన ఆ పొడుగాటి అమెరికా అధ్యక్షుడి జీవితాన్ని పిల్లల కోసం చిన్న పుస్తకంగా రాశాను. దాన్ని చదివి ఇంటర్నెట్‌లో పెడితే విన్నవాళ్ళు కొద్దిమందే. వాళ్ళలో ఒకాయన మలేసియాలో పెరాక్ రాష్ట్రపు తీరంలో ఉన్న బాగన్ దాతుక్ నుంచి ఫోన్ చేశాడు. పేరు అప్పలస్వామి. తాతల కాలంలో తోటపనికి అక్కడికి వలసవెళ్ళిన తెలుగువాళ్ళ బిడ్డ. పామాయిల్ తోటల్లో లారీ నడిపి మానేసిన మనిషి.

"సెల్లెమ్మా, ఆ కత మా తెలుగు సంగం హాల్లో వచ్చి సెప్పాల. మా ఇంట్లోనే ఉందువు" అన్నాడు. మా విజయనగరం యాస సముద్రం అవతల నుంచి వినబడేసరికి కాదనలేకపోయాను.

విశాఖలో విమానమెక్కి, తెల్లవారాక కౌలాలంపూర్‌లో దిగాను. గడియారం రెండున్నర గంటలు ముందుకు తిప్పుకోవాలి. విమానాశ్రయం నుంచి బస్ టెర్మినల్‌కి ఒక బస్సు, అక్కడి నుంచి బాగన్ దాతుక్‌కి దగ్గరి పట్టణమైన తెలుక్ ఇంటాన్‌కి ఇంకొకటి. టికెట్ ఇచ్చేచోట పాస్‌పోర్టు అడుగుతారు, చేతికందేలా ఉంచుకోండి. శాలువా కూడా. ఆ బస్సుల్లో ఏసీ మనల్ని కూరగాయలనుకుంటుంది.

పక్క సీట్లో ఒక నర్సు కూర్చుంది. నా ఫోన్ సంభాషణ విని నవ్వింది. "మా అమ్మమ్మ తెలుగే లాహ్. నాకు అర్థమవుద్ది, మాటాడ్డమే వరాదు" అంది, తెలుగులో మొదలెట్టి, అక్కడివాళ్ళు మాట చివర తగిలించే 'లాహ్' కలిపి, తమిళంలో దిగుతూ. కొబ్బరిపాల అన్నం పొట్లం విప్పి సగం నాకిచ్చింది. నేనెందుకు వచ్చానో చెబితే, "అమెరికా ప్రెసిడెంటు కతకి బాగన్ దాతుకా!" అని ఆ నవ్వు తెలుక్ ఇంటాన్ దాకా నవ్వింది.

మధ్యాహ్నం బస్సు దిగితే అప్పలస్వామి కారుతో సిద్ధంగా ఉన్నాడు. దారంతా కొబ్బరి తోటలు, పామాయిల్ తోటలు. ఆయన మాత్రం వాటిని చూడనివ్వలేదు.

"ఆయన ఎన్నిసార్లు ఓడిపోనాడో గట్టిగా సెప్పు సెల్లెమ్మా. నెగ్గింది ఎలాగూ అందరికీ తెల్సు."

నాకేమీ అర్థం కాలేదు. ఇంట్లో ఆయన భార్య సూరమ్మ చేపల పులుసు వడ్డిస్తూ అర్థమయ్యేలా చెప్పింది. "సాయంత్రం నీ కత అవగానే సంగం ఎలచ్చను. మా తమ్ముడు రాములు మీద ఈయన మల్లీ నిలబడ్డాడు. ప్రెతీసారీ ఓడిపోతాడు. వచ్చి నాలుగు రోజులు కూడు తినడు."

నన్ను ఎన్నికల ప్రచారానికి పిలిపించారన్నమాట!

అప్పలస్వామి తల దించుకున్నాడు. "ఆదివారం తెలుగు బడి ఉండీది. రాములు హాలు పెళ్ళిల్లకి ఇచ్చీసి బడి మూసీనాడు. మా మనవరాలు నన్ను 'తాతా' అంటాది. ఆ తరవాత మాటలన్నీ ఇంగ్లీసే."

కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు.

అయిదింటికి హాలు నిండింది. సంఘం అధ్యక్షుడు రాములు సిల్కు చొక్కాలో ముందు వరసలో కూర్చున్నాడు. నా పుస్తకాల తెలుగు కుర్రకారుకి ఎక్కలేదు. అప్పలస్వామి లేచి, నా ప్రతి మాటనూ తమ తెలుగులోకి, తమిళంలోకి మార్చి చెప్పడం మొదలెట్టాడు.

"దుంగలు చీల్చి బతికాడు" అన్నాను.

"తోటపని సేసినాడు, మనలాగే!"

"కొన్ని ఎన్నికల్లో ఓడిపోయాడు."

"పదిహేనుసార్లు ఓడిపోనాడు!"

నేను ఉలిక్కిపడి చూస్తే, చెయ్యి ఊపి కానివ్వమన్నాడు. అయినా నెగ్గాక తన మీద పోటీ చేసినవాళ్ళనే మంత్రులుగా పెట్టుకున్నాడని చెప్పాను. ఆ ముక్క అనువాదం కాలేదు. బానిసల విముక్తి దగ్గర మాత్రం ఆయన గొంతు తగ్గింది, లెక్కలు పెంచలేదు. తోటల్లో పుట్టి పెరిగిన ముసలివాళ్ళు కదలకుండా విన్నారు. అక్కడితో ఆపి నమస్కారం పెట్టాను. చప్పట్లు మోగాయి.

అప్పుడు సూరమ్మ లేచింది. "మరి ఆఖరికి ఏటైనాడు?"

చెప్పక తప్పలేదు. "నాటకం చూస్తుండగా, ఆయనంటే గిట్టనివాడొకడు కాల్చి చంపేశాడమ్మా."

అప్పలస్వామి ఇది అనువదించలేదు. అవసరం కూడా లేకపోయింది.

"సంపీసినారా! ఈ పని మనకొద్దు. ఈయన పేరు కొట్టీండి!" అని సూరమ్మ గోల పెట్టింది. "నీకేటి తెల్దు, కూకో!" అంటాడు ఆయన. కూర్చోదు.

రాములు ముఖం ముడుచుకుని లేచాడు. "బావ పేనం గురించి ఏడుస్తన్నావు. ఇన్నేల్లూ ఆ కుర్సీలో నేనున్నాను గదక్కా. నాకేటైనా పరవానేదా?"

"నిన్నెవుడు సంపుతాడ్రా? నువ్వేటి సేసినావని?"

ఆమె అన్నది ప్రేమగానే. కానీ హాలు పగలబడి నవ్వింది. వెనక వరసలో ఒకాయన కుర్చీ మీంచి జారిపోయాడు. నవ్వు తగ్గకముందే చేతులెత్తమన్నారు. అప్పలస్వామి వైపు లేచిన చేతులు చూసి అందరికంటే ఎక్కువ కంగారుపడింది అప్పలస్వామే. గెలిస్తే మాట్లాడాల్సింది ఆయన తయారు చేసుకోలేదు. ఎప్పుడూ చెప్పేదే చెప్పేశాడు: "ఓడిపోయినా మీ సేవ మానను. రాములికి నా అభినందనలు."

రాములు అంత ఉడుకులోనూ నవ్వేశాడు. "నెగ్గినావు బావా, కూకో లాహ్!"

నేను పక్కకెళ్ళి, ఇందాక అనువాదం కాని ఆ మంత్రుల ముక్క అప్పలస్వామి చెవిలో వేశాను. ఆయన కాసేపు మీసం దువ్వుకున్నాడు. తరవాత మైకు పట్టుకుని, హాలు వ్యవహారాలన్నీ రాములే చూస్తాడనీ, ఆదివారం ఉదయం మాత్రం బడికి వదలాలనీ ప్రకటించాడు. రాములు సరేనన్నాడు.

మర్నాడు ఆదివారం. మొదటి పాఠం నాచేతే చెప్పించారు. ఆయన మనవరాలితో పాటు వచ్చిన కొద్దిమంది పిల్లలూ అ, ఆలు అరిచిన అరుపుకి నా చెవులు గింగురుమన్నాయి.

మధ్యాహ్నం తెలుక్ ఇంటాన్‌లో బస్సెక్కించడానికి భార్యాభర్తలిద్దరూ వచ్చారు. ఈ దారిన వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేదొక్కటే: అక్కడ కాస్త నోరు విప్పి తెలుగులో మాట్లాడండి, ఇంట్లోకి రానిస్తారు. అన్నం పెట్టకుండా పంపరు. ఎన్నికలు ఎప్పుడో మాత్రం ముందే అడగండి.

అప్పలస్వామి నీళ్ళసీసా కొనడానికి వెళ్ళగానే సూరమ్మ కిటికీ దగ్గరకొచ్చింది. డ్రైవరింకా ఎక్కలేదు.

"ఆ కత మల్లీ ఎక్కడైనా సెప్తే ఆఖరు మార్సీ సెల్లెమ్మా. ముసిలోడయ్యి, పెల్లాం పక్కనుండగా సుకంగా పోనాడని సెప్పు."

"జరిగింది జరిగినట్టే చెప్పాలి కదమ్మా."

"ఆ యమ్మ కూడా అలాగే కోరుకునుంటాది గదా" అంది.

బస్సు కదిలింది. తోటలు వెనక్కి పోతుంటే గుర్తొచ్చింది. తుపాకీ పేలినప్పుడు ఆ అధ్యక్షుడి భార్య పక్క కుర్చీలోనే కూర్చుని ఉంది. పుస్తకమంతా రాశాను గానీ, ఆమె గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదు.