వజ్రం వెనక రేకు

ఆరేళ్లు నేను చదివింది ఒక్క సంగతే: వజ్రం మీద లోహపు పొర ఎట్లా నిలుస్తుంది? బంగారం నిలవదు. పల్చగా పూసి, టేపు అంటించి లాగితే లేచి వచ్చేస్తుంది. మధ్యలో టైటానియం పొర వేసి వేడి చేస్తే, అది వజ్రంలోని కార్బన్‌తో కలిసి బంగారాన్ని పట్టి ఉంచుతుంది. ఇది విని మా అమ్మ, "అంటే నడుమ ఒక మనిషి లేంది బంగారం గూడ కాపురం చెయ్యదన్నట్టు" అంది. నా థీసిస్‌కు అంతకన్నా మంచి సారాంశం ఇప్పటికీ ఎవరూ రాయలేదు.

అమ్మకు నా చదువుతో పని పడింది ఒక్కసారే. అమ్మమ్మ కమ్మల్లోని వజ్రాలు పెద్దమ్మకొకటి, అమ్మకొకటి వస్తే, ఇద్దరూ ముక్కుపుడకలు చేయించుకున్నారు. దేవదుర్గలో ఉండే పెద్దమ్మ కలిసినప్పుడల్లా తనదే ఎక్కువ మెరుస్తుందని అనేది. ఆమె మనవరాలి తొట్టెల వేడుకకు రెండు రోజులుందనగా అమ్మ పుడక తీసి నా చేతిలో పెట్టింది.

"ఇంత చదివినవు గదా, దీన్ని ఆమెదాని కంటె ఎక్కువ మెరిపియ్యి."

మా ల్యాబులో ఏ పనికైనా ముందు చేసేది కడగడమే. వేడినీళ్లలో సబ్బు పొడి కలిపి పూటంతా నానబెట్టాను. తీసేసరికి వజ్రం బొగ్గులా ఉంది. బొగ్గూ వజ్రమూ ఒకే కార్బన్ అని పిల్లలకు పాఠం చెప్పేదాన్నే గానీ, మా వంటింట్లో రుజువు చేస్తాననుకోలేదు.

"బోసి ముక్కుతోని మా అక్క ముంగట ఎట్ల నిలవడాలె?" అంది అమ్మ. తిట్టినా బాగుండేది. నాకు ఏడుపొచ్చింది.

బజారులో మా ఇంటి పనులు చేసే కంసాలి తాత పుడక వెనక మూత విప్పాడు. రాయి కింద పల్చటి వెండి రేకు, తడిసి నల్లబడి ఉంది.

"రాయి ఖరాబ్ కాలే బిడ్డా. దాని మెరుపంత ఈ రేకుదే. గందుకే మీ అమ్మ తలకు పోసుకునేటప్పుడు పుడక తీసి పెడ్తది. నువ్వెన్నడు చూడలేదా?"

చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను. ఎందుకని ఒక్కసారీ అడగలేదు. తాత కొత్త రేకు కత్తిరించి, రాయి కింద సర్ది, మూత బిగించాడు. టైటానియం ఊసే లేదు.

తొట్టెల నాడు పెద్దమ్మ చూపు అమ్మ ముక్కు మీదే.

"గింత మెరుస్తుంది, ఎవరితోని చేయించినవే?"

"మా బిడ్డనే చేసింది. ఆరేండ్లు గిదే చదివింది."

నన్ను అబద్ధమాడొద్దని పెంచిన మనిషి. పెద్దమ్మ అక్కడికక్కడే తన పుడక తీసి నా అరచేతిలో పెట్టింది.

"నాది గూడ చెయ్యి బిడ్డా."

నేను సాకు వెతుక్కునేలోపే అమ్మ అందుకుంది.

"ఇయ్యక్కా. వేడినీళ్లల్ల ఒక పూట నానేస్తది, గంతే."