వరండా గుమ్మం మీది పగులు

మా నాన్న సాలమోను తాపీమేస్త్రి. అందరూ ఎర్ర ఇటుకతోనే గోడలు కట్టించుకుంటున్న రోజుల్లో, 1981లో, అంబాజీపేట రోడ్డు మీద శ్రీరామమూర్తి మాస్టారికి సిమెంటు బ్లాకుల ఇల్లు కట్టాడు. మా చుట్టుపక్కల అదే మొదటిది.

వరండాకి ఆరడుగుల గుమ్మం. దాని పైన గోడ నిలవాలంటే లింటెలు ఉండాలి. విడిగా కాంక్రీటు పట్టీ వేస్తే కొత్త చొక్కాకి అతుకు వేసినట్టుంటుందని నాన్న పేచీ. అందుకని తొట్టిలా గాడి ఉన్న బ్లాకుల్ని గుమ్మం మీద వరసగా పేర్చి, గాడిలో ఇనుప ఊచలు పెట్టి, కాంక్రీటు కూరాడు. చూసేవాళ్లకి అంతా ఒకే గోడ. కింద సరుగుడు కర్రలు ఊతంగా నిలబెట్టి, పైన తడి గోనెపట్టాలు కప్పి, పురిటి బిడ్డని చూసుకున్నట్టు చూసుకున్నాడు. పద్నాలుగు రోజులదాకా ఆ కర్రల్ని ఎవరూ ముట్టుకోకూడదన్నాడు.

ఏడో రోజున మాస్టారు కర్రల ముందు నిలబడ్డారు.

"ఎల్లుండే గృహప్రవేశం కదా సాలమోనూ. ముందు ఆవూ దూడా లోపలికి వెళ్లాలి. ఈ కర్రల మధ్యనుంచి ఆవు ఎలా దూరుతుందయ్యా?"

"ముహూర్తం పెట్టించేముందు నన్నో మాట అడగాల్సిందండి. ఇంకో వారం ఉంచాలండి. ఆవుని పెరటి గుమ్మంలోంచి తోలించండి."

"పెరటి గుమ్మంలోంచి గృహప్రవేశమా!"

తొమ్మిదో రోజున ఆవు దర్జాగా వరండా గుమ్మంలోంచే వెళ్లింది. కర్రలు లేవు.

వానలు పడేసరికి లింటెలు నడిమధ్యన అరంగుళం కిందికి దిగింది. మూలనుంచి పగులు మెట్లుమెట్లుగా పైకి పాకింది. బస్సులో వెళ్లేవాళ్లు మెడలు చాచి మరీ చూసేవారు. నాన్నకి పిలుపులు తగ్గిపోయాయి. తొందర వాళ్లది, నింద మాది. టీచరు ట్రైనింగుకి రోజూ ఆ బస్సులోనే వెళ్లేదాన్ని, ఆ ఇల్లు వచ్చేసరికి తల దించుకునేదాన్ని. ఎంత ఉక్రోషమో!

మరుసటి వేసవిలో కొత్తపేటనుంచి తాతబ్బాయిగారు, బ్లాకులతో ఇల్లు కట్టించాలని మా వాకిట్లోకి వచ్చారు.

"ఆ పగిలిన వరండా మీరు కట్టిందేనాండీ?"

"ఆయ్, నేనే కట్టేనండి."

అంతే. తాతబ్బాయిగారు మంచినీళ్లు తాగి, కబురు చేస్తానని చెప్పి వెళ్లిపోయారు. ఆ కబురు రాదని నాకు తెలుసు. ఒళ్లు మండిపోయింది.

"వారం ముందే మాస్టారు కర్రలు పీకించేశారని చెప్పడానికి నోరు లేదా నాన్నా?" అని అరిచాను.

"ఆయన పీకించలేదమ్మా. నేనే తీసేను."

నాన్న అరుగు మీద కూర్చున్నాడు.

"మర్నాడు మళ్లీ అడిగేరు. లోపల కుర్చీ వేయించి, కూర్చోమన్నారు. వాళ్లావిడ శారదాంబగారు కాఫీ తెచ్చేరు. ఇన్నేళ్లలో ఎన్ని ఇళ్లు కట్టేను, కట్టిన ఇంట్లో నాకు కుర్చీ వేసినవాళ్లు లేరు హన్నా. గోడ ఆగదని తెలుసు. ఆ కుర్చీలో కూర్చుని కాదనలేకపోయేను."