పసుపు చొక్కాలు, సున్నపు గీతలు

నిన్న ఆదివారం మధ్యాహ్నం మూడూ ఇరవైకి, చేపముక్కలకు పసుపు పట్టించిన చేతిని సబ్బుతో కడుక్కుంటుంటే అరచేతిలో నురగ ఎర్రబడింది. వంటింట్లో పనిచేసిన మీకందరికీ తెలిసిన సంగతే. పసుపుకు సబ్బో సున్నమో తగిలితే ఎర్రబడుతుంది, చింతపండు నీళ్ళు తగిలితే మళ్ళీ పసుపైపోతుంది. తెలిసి కూడా నేను కుళాయి కట్టేసి కాసేపు అక్కడే నిలబడిపోయాను.

రంగూను లమ్మడా పేటలోని ఈ మూడో అంతస్తు ఇంట్లోనే, నా చిన్నతనంలో, శనివారం శనివారం పదకొండు చొక్కాలకు పసుపు వేయడం నా పని. అవి మా మేనమామ పెట్టిన ఫుట్‌బాల్ క్లబ్బువి. క్లబ్బు అంటే ఏదో పెద్దదనుకోకండి. రంగూను లీగులో మూడో డివిజను, అందులోనూ పట్టికలో ఎప్పుడూ కింది వరసే. రేవులో పనిచేసే మనవాళ్ళు, చిల్లర కొట్లవాళ్ళు, గంజాం కుటుంబాల కుర్రాళ్ళు ఆడేవారు. కొట్లు ప్రభుత్వపరమై, దేశం తలుపులు మూసుకుని, మనవాళ్ళు కుటుంబాలు కుటుంబాలుగా ఓడలెక్కి విశాఖపట్నం వెళ్ళిపోయిన ఏళ్ళలో ఆ జట్టు ఏడుగురికి తగ్గింది. మనమూ పోదామని అత్త పట్టుబట్టిందట. "నానూ ఓడెక్కీస్తే ఆదివారం ఆటకి ఎవుడుంటాడే?" అన్నాడట మేనమామ. ఆ మాటకు అత్త నెలరోజులు ఆయనతో మాట్లాడలేదని అమ్మ నవ్వుతూ చెప్పేది. తరవాత పక్కిళ్ళ బర్మా అబ్బాయిలు నలుగురు వచ్చి కలిస్తే జట్టు మళ్ళీ పదకొండయింది.

బయటి నుంచి రంగు చొక్కాలు వచ్చే రోజులు కావవి. కోఆపరేటివు షాపులో దొరికిన తెల్లగుడ్డతో అమ్మ చొక్కాలు కుట్టింది. పసుపూ పటికా వేసి మరిగించిన నీళ్ళలో వాటిని ముంచి నేను నీడన ఆరేసేదాన్ని. పసుపు ఎండకు నిలవదు కదా, ఒక ఆట అయ్యేసరికి వెలిసిపోయేది, శనివారం మళ్ళీ ముంచాలి. నది మీద వంతెన లేని కాలం. అవతలి ఒడ్డున తన్లిన్ మైదానంలో ఆట ఉన్నప్పుడు అందరూ ఆ చొక్కాలతోనే పడవెక్కేవారు. రేవులో మనవాళ్ళు "పెళ్ళికొడుకులు ఎల్తన్నారు, దారియ్యండ్రా" అని ఎగతాళి చేస్తే, మా అన్నయ్య "పెళ్ళికూతుర్ని సూసుంచండి, ఆటయ్యాక వొస్తాం" అనేవాడట.

అన్నయ్య నాకంటే మూడేళ్ళు పెద్ద. కుడివైపు గీత వెంబడి పరిగెత్తి ఆడేవాడు. ఒక వానాకాలం, అప్పుడే సున్నంతో గీసిన గీత మీద జారిపడి, ఆ తడి చొక్కాతోనే ఇంటికొచ్చాడు. ఎడమ పక్కంతా ఎర్రగా ఉంది. తలుపు తీసిన అమ్మ చేతిలో కంచం జారవిడిచి పెట్టిన కేకకు కింది అంతస్తులవాళ్ళు కూడా పరుగెత్తుకొచ్చారు. "ఏటమ్మా అలగ సూస్తావ్? సున్నమే. గీత మీద పడ్డాను," అని అతను నవ్వుతూనే ఉన్నాడు. అమ్మ అతన్ని రెండు దెబ్బలు కొట్టి, చొక్కా విప్పించి, చింతపండు నీళ్ళలో ముంచింది. ఎరుపు పోయింది.

మా వీధిలో ప్రతి ఇంటి బాల్కనీ నుంచీ కింది వరకూ ఒక తాడు వేలాడుతుంది, పైన దానికి చిన్న గంట కట్టి ఉంటుంది. వచ్చినవాళ్ళు కింద తాడు లాగితే పైనున్నవాళ్ళు తలుపు తీస్తారు. ఆ రోజు నుంచి అన్నయ్య తాడు ముట్టుకోలేదు. ఆదివారం ఆట నుంచి రాగానే మెట్ల కింద నిలబడి, పడినా పడకపోయినా, "సున్నమేనమ్మా!" అని మేడంతా వినబడేలా అరిచేవాడు. "సున్నమైతే పైకి రా, గొంతు సింపుకోకు," అని అమ్మ పైనుంచి అరిచేది. ఎన్నో ఏళ్ళు అలా నడిచింది. వాళ్ళిద్దరికీ అది ఒక పలకరింపు.

ఎనభై ఎనిమిదో సంవత్సరం మా క్లబ్బు ఎన్నడూ లేనట్టు గెలుస్తూ వచ్చింది. ఇంకొక్క ఆట గెలిస్తే రెండో డివిజను. మేనమామ నిద్రలో కూడా కుర్రాళ్ళ పేర్లు పిలుస్తున్నాడని అత్త విసుక్కునేది. ఆ వానాకాలంలోనే సైనిక ప్రభుత్వం మీద తిరగబడి విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, తరవాత ఊరంతా వచ్చింది. మా కుర్రాళ్ళు కూడా ఊరేగింపుకు వెళ్దామనుకున్నారు. "ఆదివారం ఆటుందిరా," అన్నాడు మేనమామ. "ఆదివారానికి వొచ్చీసినట్టే, మావా," అన్నాడు అన్నయ్య, వెళ్ళకముందే వెళ్ళివచ్చినట్టు. జనంలో ఒకరినొకరు పోగొట్టుకోకుండా క్లబ్బు చొక్కాలు వేసుకోవాలనుకున్నారు. ముందురోజు అన్నయ్య నా దగ్గరికి వచ్చి, "ఈపాలి గట్టిగా ముంచు. దూరం నుంచి అవుపించాల," అన్నాడు. నేను పసుపు రెట్టింపు వేశాను.

మర్నాడు సాయంత్రం మెట్ల మీద అడుగులు వినబడ్డాయి గానీ కేక వినబడలేదు, గంటా మోగలేదు. పక్కింటి బర్మా అబ్బాయి, మా గోల్‌కీపరు, తలుపు దగ్గర నిలబడ్డాడు. అన్నయ్యకు కాల్పుల్లో దెబ్బ తగిలితే, గాయానికి కట్టు కడదామని ఇతనే ఆ చొక్కా విప్పాడట. ఇంతలో సైనికులు వచ్చి అన్నయ్యను లారీలో వేసుకుపోయారట. అప్పటికే ఊపిరి లేదని చెప్పాడు. అతని చేతిలో చొక్కా మాత్రం మిగిలింది. మాకు అన్నయ్యను అప్పగించలేదు, ఎక్కడ దహనం చేశారో చెప్పలేదు.

అమ్మ ఆ చొక్కా అందుకుని, "సున్నమే," అంది. చింతపండు నానేసింది. నీళ్ళు మూడుసార్లు మార్చింది. నేను పక్కన నిలబడి చింతపండు పిసికి ఇస్తూనే ఉన్నాను. మూడోసారి ఆమె చొక్కాను వెలుతురుకు ఎత్తి చూసి, "సింతపండు పాతదైపోయినట్టుంది," అంది.

ఆదివారం ఆట జరగలేదు. మిగిలిన పదిమందిలో ఇద్దరు సరిహద్దు అడవుల వైపు వెళ్ళిపోయారు. మిగతావాళ్ళు ఐదుగురు ఒకచోట నిలబడటానికి కూడా భయపడే రోజులు వచ్చాయి. మేనమామ ఇంటి మూలనున్న సున్నం సంచి ఆ వానాకాలం తేమకు గడ్డకట్టి రాయైపోయింది. ఆయన దాన్ని పారేయనివ్వలేదు. చాలా ఏళ్ళకు మా గోల్‌కీపరు కనబడితే, అంత గట్టిగా ముంచకపోతే ఏమయ్యేదని అడిగాను. రంగు చూసి కాల్చలేదు, ముందు వరసలో ఉన్నవాళ్ళందరికీ తగిలింది అన్నాడు. అతని మాట నమ్మిన రోజులు ఉన్నాయి, నమ్మలేని రోజులూ ఉన్నాయి.

ఇప్పుడు నది మీద వంతెన ఉంది. ఊళ్ళోనే సంచౌంగ్ పేటలో కుర్రాళ్ళు ప్లాస్టిక్ గడ్డి మీద ఆడుతున్నారు, గీతలు దాని మీదే అచ్చువేసి వస్తాయి, చొక్కాల రంగు ఎన్ని ఉతుకులకూ పోదు. అమ్మ పోయి చాలాకాలమైంది. బాల్కనీ తాడు మాత్రం రెండుసార్లు మార్చి ఉంచుకున్నాను. వచ్చినవాళ్ళు దాన్నే లాగుతారు. మెట్ల కింద నుంచి ఎవరూ కేక వేయరు.