గీత అవతల ఏరిన గుండ్లు

కూచో పాపా. ఆ ఫోను బోర్లించి పెట్టి సరిగ్గా విను. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. నడుమ "పోనీలే అవ్వా" అన్నావంటే ఊరుకోను. జరిగింది నీకు తెలుసు. ఈ ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. అందుకే రాయమంటున్నాను.

పోయిన శనివారం మీ అమ్మకు జ్వరం. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బస్సులో నీ వెంట నేను వచ్చినాను. నువ్వు తుపాకీ కాల్చడం నేర్చుకునే చోటు అంతవరకూ నేను చూసిందే లేదు. ఏదో పెద్ద మైదానం అనుకుంటే, పొడుగాటి రేకుల షెడ్డు. ఈ కొసన పిల్లలు వరసగా నిలబడతారు, ఆ కొసన కాగితాల మీద నల్ల చుక్కలు. నడుమ నేల మీద ఎర్ర గీత.

వాకిట్లోనే నువ్వు చెప్పినావు. ఇది తప్పకుండా రాయి.

"అవ్వా, సార్ చెప్పిందాంకా ఆ గీత దాటగూడదు. చప్పుడు ఆగినా దాటగూడదు."

"చెప్పిందే చెప్తాండావు, నేనేమన్నా గొర్రెనా?"

"ఎవుర్నన్నా పిల్చుకొస్తే వాళ్లకు పిల్చుకొచ్చినోళ్లే ఇవన్నీ చెప్పాల, అది ఈడ రూలు. లోపల ఏమీ నమలొద్దు. వక్కాకు కొంగులోనే ఉండనీ."

బెంచీ మీద కూర్చుని చూస్తున్నాను. కాల్చడం అయిన పిల్ల, సార్ అందరినీ ఆపి పొమ్మన్నాక, తన కాగితం తానే తీసుకుని, తను నిలబడిన చోటు తానే ఊడ్చి, పొరక తర్వాతి పిల్లకు ఇస్తోంది. ఇంట్లో తిన్న తట్ట ఎత్తవు గానీ ఇక్కడ ఎంత బుద్ధిమంతురాలివే అని నిన్ను చూసి లోపల నవ్వుకున్నాను.

అప్పుడు కనపడినాయి, గీత అవతల నేల మీద సీసపు గుండ్లు. మిరియపు గింజలంత ఉన్నాయి. వేరుశనగ బుడ్డలు పీకిన చేలల్లో పరిగె ఏరి ఏరి నడుము వంగిన దాన్ని. మట్టిలో ఒక్క కాయ మిగిలినా నా కంటికి గుచ్చుకుంటుంది. ఇంతలో చప్పుడు ఆగింది. అయిపోయిందిలే, వీటినీ పిల్లలే ఏరాల గదా, నీ వంతు నేను ఏరేస్తే ముందు బస్సు దొరుకుతుంది అనుకున్నాను. గీత దాటిపోయి, వంగి ఒక్కొక్కటే కొంగులో వేసుకుంటున్నాను. నీ మాట మరిచిపోయినానని చెప్పను. గుర్తుంది. ఇంత ముసలిదాన్ని, నాకెవరు అడ్డం అనుకున్నాను.

"గన్నులు కిందికి! అందరూ కిందికి!"

సార్ అరుపుకు లేచి తిరిగి చూస్తే నాలుగు తుపాకులు దిగుతున్నాయి. నాకు ఎదురుగా ఉన్నది నీదే. మీరు ఆగింది గురి చూసుకోవడానికని అప్పుడు తెలిసింది.

"ఏమవ్వా, గీత దాటగూడదని నీకెవురూ చెప్పలేదా?"

అందరూ నన్నే చూస్తున్నారు.

"లేదు నాయనా. ఎవురూ చెప్పలా. పల్లెటూరిదాన్ని, నాకేం తెలుసు?"

సార్ నీ వైపు తిరిగినాడు. నువ్వు నన్ను ఒక్కసారి చూసి తల దించుకున్నావు.

"తప్పయింది సార్."

"నెల దినాలు గన్ను ముట్టొద్దు. ఊడ్చు, కాగితాలెత్తు. వచ్చే వారం ఆదివారం పోటీల సెలక్షన్‌లో నీ పేరు లేదు."

నా కొంగులో గుండ్లతో కలిసిన వక్కాకు చూసి, నాకు మాత్రం మెల్లగా చెప్పినాడు. "ఇది సీసమవ్వా, కడుపులోకి పోతే విషం. ఆ వక్కాకు పారేసి సబ్బుతో చేతులు కడుక్కో." నాలుగు తిట్టి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

బస్సులో కిటికీ పక్కన నన్నే కూచోబెట్టినావు. ఊర్లో దిగేటప్పుడు అడిగినావు: "చేతులు బాగా కడిగినావా అవ్వా?" ఆ మాటకు నాకు మెట్టు కనపడలేదు.

ఇంటికి వచ్చినాక మీ అమ్మ నిన్నే తిట్టింది. "ముసలామెకు ఒక మాట చెప్పే తెలివి లేదా నీకు? ఇన్ని దినాల కష్టం పాయె!" నేను మూలన కూచుని బుడ్డలు ఒలుస్తున్నాను. తల ఎత్తలేదు. అక్కడ భయంతో అబద్ధం చెప్పినాను. ఇక్కడ ఏ భయం లేకుండానే చెప్పినట్టయింది.

ఆదివారానికి ఇంకా మూడు దినాలున్నాయి. రేపు మొదటి బస్సుకు నంద్యాలకు పోతాను. నువ్వు రాసే ఈ కాగితం సార్‌కు ఇచ్చి వచ్చేస్తే చాలదు, ఆ పిల్లలందరి ముందరా నా నోటితో చెప్పాల. సార్ నీ పేరు మళ్లీ రాస్తాడో లేదో నాకు తెలియదు. దానికి ముందు ఈ ఇంట్లో చెప్పాల. మీ అమ్మ మొహం చూసి చెప్పడమే నాకు... నవ్వుతావెందుకు, రాయి.

"అత్తా! సంగటి చల్లారిపోతాంది, ఇద్దరూ రాండి!"

వస్తాండామమ్మా! అది కూడా రాసినావా? సరే, ఆ కాగితం ఇట్లియ్యి. తట్ట ముందర కూచోగానే మీ అమ్మకు చెప్తాను, పాప నాకు చెప్పింది, వాకిట్లోనే చెప్పింది, నేనే అబద్ధం...